జిల్లా అన్న గడి

సోమవారమూ గురువారమూ నా నెత్తురు
సోంపేట ఆసుపత్రిలో మిషను చుట్టూ తిరిగొస్తుంది.
తక్కిన ఐదు రోజులూ నావి.
నాలుగింటికే లేచి, మేనల్లుడి మోపెడ్ వెనక
రాలిన జీడిపళ్ళ పులిసిన వాసనలోంచి
డొంకూరు దాటి, బాహుదా మొగ దగ్గర దిగుతాను.
మెడలో పాత దుర్భిణి, ఒక కన్ను మసక.
సంచిలో రూళ్ళ పుస్తకం.
సీసాలో రెండు గ్లాసుల నీళ్ళు.
పొద్దుగూకే దాకా అవే. డాక్టరు లెక్క.

ఏప్రిల్ పన్నెండు.
చలికాలపు చుట్టాలు చాలామటుకు వెళ్ళిపోయారు.
పొడుగుముక్కు ఉల్లంకి ఒక్కటే
బస్సు తప్పిన మనిషిలా బురదలో అటూ ఇటూ.
గుడ్డికొంగ వీపున చింతపండు రంగు శాలువా కప్పుకుంది.
పసరికిలు గట్టుకి బొక్కలు పెడుతున్నాయి.
రాత్రి తాబేలు పిల్లలు లేచాయట.
రొయ్యల హేచరీ దీపాలకేసి దారి తప్పినవాటిని
దాలమ్మ కొంగున వేసుకుని నీటిదాకా మోసిందట.
"ఎన్నుంటాయే?"
"నెక్కెట్టినానేటి? కొంగు బరువెక్కినన్ని."
పుస్తకంలో అదే రాశాను.

మే మూడు.
ఇసక తిన్నె మీద, గవ్వల మధ్య గవ్వల్లా
రెండు గుడ్లు.
గూడు లేదు, గడ్డిపరక లేదు,
ఎవరో మడమ తిప్పినంత గుంట.
నల్ల టోపీ, పసుపు ముక్కు, పిడికెడు తెల్లపిట్ట.
దాని అసలు పేరు నాకు తెలుసు.
దాలమ్మ ఉప్పుమూట అంటుంది. అదే ఉంచాను.

పదకొండు దాటాక ఇసక పెనం.
పిట్ట లేచి, నీటి మీద వాలి,
పొట్ట ఈకలు ముంచుకుని,
చుక్కలు కారుస్తూ వచ్చి గుడ్ల మీద కూర్చుంది.
మళ్ళీ లేచింది. మళ్ళీ ముంచింది.
రెండింటి దాకా ముప్పైఏడు సార్లు.
నేను నాలుక పెదవికి రాసుకుంటూ
గీతలు గీశాను.
పిట్ట పొట్టకి పట్టేదెన్ని నీళ్ళు?
నా మూతలో సగం ఉంటుందేమో.

అవతల ఒడ్డు నుంచి బంశీధర్ బెహెరా
లుంగీ ఎగ్గట్టి, మోకాలిలోతు నీటిలో నడిచొచ్చాడు.
తాబేళ్ళ కాపలాకి సోనాపూర్ వైపు పెట్టిన మనిషి.
ఆయనకీ ఒక పుస్తకం, ఆయనకీ అవే గళ్ళు.
ఫాల్గుణంలో ఏరు ఈ తిన్నెకి ఉత్తరాన పారేది.
మొన్నటి పోటుకి దక్షిణాన కోసుకుంది.
తిన్నె కదల్లేదు, ఏరే పక్క మార్చుకుని పడుకుంది.
జిల్లా అన్న గడి దగ్గర నా పెన్ను ఆగింది.
"లేఖ, బాబూ, లేఖ" అన్నాడు బెహెరా,
రాయమని.
నేను శ్రీకాకుళం అని రాశాను.
ఆయన గంజాం అని రాసుకున్నాడు.
ఇప్పుడు ప్రభుత్వాల దగ్గర నాలుగు గుడ్లున్నాయి.
ఇద్దరం నవ్వాం. ఆయన తన సీసా చాపాడు.
ఒక గుక్క, అంతే.
ఆ గుక్క ఏ పుస్తకంలోనూ రాయలేదు.

మే ఇరవై ఒకటి. చాతకం వచ్చింది,
నలుపు తెలుపు, నెత్తిన కుచ్చు.
వాన చుక్క తప్ప తాగదని మా అయ్య చెప్పేవాడు.
ఇచ్ఛాపురం బస్టాండు వెనక
కారుతున్న కుళాయి కింద
మెడ వంచి తాగుతుంటే చూశాను.
దాన్ని చూసి నాకు కోపం రాలేదు. ఎవరికీ చెప్పలేదు కూడా.

గుడ్డు పగిలిన రోజు గురువారం.
నేను మంచం మీద, చేతికి రెండు గొట్టాలు,
పైన పంకా మూడు రెక్కలూ లెక్కపెడుతున్నాను.
సాయంత్రం దాలమ్మ ఫోను చేసింది,
వెనక గాలి హోరు.
"ఒకటి పగిలింది, ఇసకలాగే ఉందది, తొక్కీబోయినాను."
రెండోదో?
"అది నిన్నటిలాగే ఉంది."
కాసేపు గాలే మాట్లాడింది.
"తల్లి తడపతానే ఉంది బావూ,
ఇంకా తడపతానే ఉంది."